గ్యాస్ సిలిండర్ తీసేసి బ్యాటరీ గాలి పంపు: జీవామృతం డ్రిప్ ఫ్లో టెస్ట్ సెట్టును ఇట్ల మార్చుకోవచ్చు

పై వీడియోలో కొంపల్లి షెడ్డు దగ్గర చూపించిన ఫ్లో టెస్ట్ సెట్టు గురించే ఈ పాఠం. వీడియోలో బిగించడం కనపడుతది గానీ లెక్కలు కనపడవు. ఏ భాగం ఎందుకు పెట్టాలి, ఏది పెడితే ప్రమాదం అన్నది చదివి అర్థం చేసుకుంటేనే మంచిది. డ్రిప్ మీద జీవామృతం వదిలే రైతులకు, వదలాలని ఉండి పైపులు మూసుకుపోతాయని భయపడి ఆగిన రైతులకు ఇది పనికొస్తది.

ముందు అసలు ఈ సెట్టు ఎందుకో చూద్దాం. నాలుగడుగుల దూరంలో లేటరల్ పైపులు, 40 సెంటీమీటర్లకో డ్రిప్పర్ అనుకుంటే ఒక ఎకరంలో దాదాపు 3,300 మీటర్ల పైపు, 8 వేలకు పైగా డ్రిప్పర్లు ఉంటయి. ఒక్కో డ్రిప్పర్ లోపల నీళ్ళు పోయే దారి మిల్లీమీటరు అటు ఇటుగా ఉంటది, అది కూడా వంకర టింకర. అందులోకి మనం పేడ, బెల్లం, శనగపిండి, పుట్టమట్టి కలిపి పులియబెట్టిన ద్రావణం పంపుతున్నాం. పాలేకర్ గారి పద్ధతిలో 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. వడకట్టినా పేడలోని సన్నని పీచు, పిండి నలుసు కొంత వస్తనే ఉంటది. అంతకన్నా పెద్ద సమస్య, బెల్లం తిని బతికే సూక్ష్మజీవులు పైపు లోపలే కాపురం పెట్టి జిగురు పొర కట్టడం.

ఎకరంలో వదిలాక మూసుకుపోయిందని తెలిస్తే చేసేదేం లేదు. చివరి వరసలో టమాట మొక్కలు వాడిపోయేదాకా మనకు కనపడదు, అప్పటికి వారం పోయి ఉంటది. అందుకే ఐదు మీటర్ల పైపు ముక్క మీద ముందు చూసుకోవాలి. మనం వడకట్టిన జీవామృతం, మన బోరు నీళ్ళు, మన డ్రిప్పర్, ఈ మూడూ కలిస్తే ఏమైతదో ఐదు మీటర్ల మీద తెలుసుకుంటే 3,300 మీటర్లు మిగులుతయి.

ఈ మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలాలకు ఇంకో సంగతి కూడా ఉంది. ఒకప్పుడు ద్రాక్ష తోటలకి పేరున్న ప్రాంతం ఇది. ఇప్పుడు కొంపల్లిలో ద్రాక్ష పందిరి కన్నా ఫంక్షన్ హాళ్ళు ఎక్కువ. మిగిలిన ముక్కల్లో ఆకుకూరలు, కూరగాయలు పండించి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకే అమ్ముకుంటున్నం. నీళ్ళు రాతి నేల లోతు బోర్ల నుంచి వస్తయి, సున్నం ఎక్కువ. అంటే మన డ్రిప్పర్లకు రెండు రకాల రోగం. ఒకటి గోధుమ రంగు జిగురు, జీవామృతంది. రెండోది తెల్లటి గట్టి పొర, బోరు నీళ్ళది. పైపు ముక్క కోసి చీల్చి, తెల్లటి పొర మీద నిమ్మరసం చుక్క వెయ్యండి, నురగ వస్తే సున్నం. వేలికి జారుడుగా తగిలితే జిగురు. రెండూ ఉన్న పైపులే ఎక్కువ. ఏది ఎంత అన్నది కంటికి తెలియదు, ఫ్లో కొలిస్తేనే తెలుస్తది.

పాత గ్యాస్ సెట్టు ఎట్ల పని చేసేది

వ్యవసాయ పరిశోధన మడుల్లో మందు పిచికారీ ట్రయల్స్‌కి కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్‌తో నడిచే స్ప్రేయర్ వాడతారు. చేతి పంపుతో కొడితే ప్రెషర్ ఎగుడు దిగుడు అవుతది, ఒక మడికీ ఇంకో మడికీ మోతాదు మారిపోతది. సిలిండర్ గ్యాస్‌ని రెగ్యులేటర్ ద్వారా పంపితే మొదటి నుంచి చివరి దాకా ఒకే ప్రెషర్. నా ఫ్లో టెస్ట్ సెట్టుకి మూలం కూడా అదే ఆలోచన. పెయింట్ కొట్టేవాళ్ళు వాడే 10 లీటర్ల ప్రెషర్ ట్యాంకు, అందులో ద్రావణం, పైన గ్యాస్ తోసుడు, అడుగు దాకా ఉన్న గొట్టం నుంచి ద్రావణం బయటికి, అక్కడి నుంచి 16 ఎంఎం లేటరల్ ముక్కకి. ద్రావణం ఏ పంపులోంచీ పోదు కాబట్టి పీచు వచ్చినా పంపు పట్టేసుడు ఉండదు.

గ్యాస్‌తో పని బాగనే అయ్యేది. మరి ఎందుకు తీసేసిన? మూడు కారణాలు.

మొదటిది తిరుగుడు. చిన్న సిలిండర్ నింపించాలంటే ఇండస్ట్రియల్ ఏరియాకి పోవాలి. నేను పోయే దుకాణంలో ఒకరోజు స్టాక్ లేదంటరు, ఇంకోరోజు సిలిండర్ టెస్ట్ తేదీ దాటిందంటరు. తేదీ చూడడం వాళ్ళ తప్పు కాదు, చూడాల్సిందే. కానీ జీవామృతం మన కోసం ఆగదు. 48 గంటలకి తయారై వారంలో అయిపోవాలి. టెస్ట్ చేసే రోజు గ్యాస్ లేకపోతే ఆ బ్యాచ్ మీద టెస్ట్ లేనట్టే.

రెండోది ఎండ. కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్‌లో గ్యాస్ ద్రవ రూపంలో ఉంటది. 25 డిగ్రీల దగ్గర లోపలి ప్రెషర్ సుమారు 64 బార్. 31 డిగ్రీలు దాటితే అది ఇక ద్రవంగా ఉండదు, వేడి పెరిగే కొద్దీ ప్రెషర్ వేగంగా పెరుగుతది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు మామూలే, రేకుల షెడ్డులోనో కారు డిక్కీలోనో అంతకన్నా ఎక్కువ. సిలిండర్‌కి సేఫ్టీ డిస్క్ ఉంటది నిజమే. అయినా పిల్లలు తిరిగే షెడ్డులో ఆ బరువు మనసు మీద ఎందుకు? మూసిన గదిలో లీకైతే ఊపిరాడదు, అది ఇంకొకటి.

మూడోది అసలు కారణం. ఇది నాప్‌సాక్ స్ప్రేయర్‌లో మందు కొట్టేవాళ్ళకి పెద్దగా పట్టదు, మనకి పడుతది. కార్బన్ డై ఆక్సైడ్ నీళ్ళల్లో బాగా కరుగుతది. సోడా బండి దగ్గర చూసేది అదే. 25 డిగ్రీల మామూలు గాలి ప్రెషర్ దగ్గర లీటరు నీళ్ళు ముప్పావు లీటరు కార్బన్ డై ఆక్సైడ్‌ని మింగుతయి. మామూలు గాలి అయితే అదే లీటరులో 20 మిల్లీలీటర్ల లోపే కరుగుతది. ట్యాంకులో ప్రెషర్ పెంచితే రెండూ ఆ నిష్పత్తిలోనే పెరుగుతయి. కరిగిన గ్యాస్ డ్రిప్పర్‌లోని సన్న దారిలో ప్రెషర్ తగ్గగానే బుడగలై బయటికి వస్తది, డ్రిప్పర్ చీదుతది, గ్లాసులో కొలత అటు ఇటు అవుతది. ట్యాంకుని ఊపినా, ద్రావణాన్ని గ్యాస్ కింద చాలాసేపు ఉంచినా ఇది ఎక్కువ.

ఇంకా లోతుకి పోతే, కార్బన్ డై ఆక్సైడ్ కరిగిన నీళ్ళు పులుపు. ఆ పులుపు సున్నాన్ని కొద్ది కొద్దిగా కరిగిస్తది. సున్నపు రాతి గుహలు ఏర్పడేది అట్లనే. ఇక్కడి బోరు నీళ్ళతో సున్నం పట్టిన డ్రిప్పర్‌ని అదే గ్యాస్‌తో మళ్ళీ మళ్ళీ టెస్ట్ చేస్తే, టెస్ట్ చేసే పద్ధతే దాన్ని కొంత కడిగేస్తున్నట్టు. టెస్ట్‌లో బాగుంది, చేన్లో లేదు అనే పరిస్థితి వస్తది. జీవామృతంలో గాలి పీల్చే సూక్ష్మజీవులకి కూడా ఆ వాతావరణం పరాయిదే. మామూలు గాలితో తోస్తే ఈ మూడు గొడవలూ పోతయి.

ఏ గాలి పంపు?

గాలి పంపు అనగానే చాలామంది చేపల తొట్టి పంపు తీసుకొస్తరు. అది జీవామృతం డ్రమ్ములో బుడగలు వెయ్యడానికి పనికొస్తది, ఇక్కడ పనికి రాదు. దానికి గాలి పరిమాణం ఉంటది గానీ ప్రెషర్ ఉండదు. పరుపులో గాలి నింపే పంపు కూడా అంతే. మనకు కావలసింది 12 వోల్టుల టైరు ఇన్‌ఫ్లేటర్, కార్లల్లో పెట్టుకునేది. బజారులో వెయ్యిన్నర నుంచి మూడు వేల రూపాయల మధ్య దొరుకుతది. పిస్టన్ రకం, ఇత్తడి నాజిల్ గొట్టం ఉన్నది తీస్కోండి. డబ్బా మీద 150 పీఎస్ఐ అని రాసి ఉంటది, దాన్ని చూసి మురిసిపోవద్దు, మనకు కావలసింది 30 పీఎస్ఐ మాత్రమే. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తదని, ఆపకుండా ఎన్ని నిమిషాలు నడవచ్చని. చిన్నవి 10, 15 నిమిషాలకి ఆపి చల్లారనియ్యాలి.

"బ్యాటరీ స్ప్రేయర్‌లో పంపు ఉంది కదా అన్న, దాన్నే పైపుకి పెడితే కాదా?" అని అడుగుతరు. వట్టి నీళ్ళ టెస్ట్‌కి పెట్టొచ్చు. కానీ ఆ డయాఫ్రం పంపుకి ప్రెషర్ స్విచ్ మన పనికన్నా చాలా ఎక్కువ దగ్గర కోస్తది, ఇంత తక్కువ ఫ్లోకి అది ఆగి ఆగి కొడుతది, ముల్లు ఊగుతది. జీవామృతం పోస్తే పీచు వాల్వుల్లో ఇరుక్కుంటది. ద్రావణానికి తగలకుండా గాలితో తోసుడే మేలు.

ప్రెషర్ నిలబెట్టుడు, అసలు పని ఇదే

సిలిండర్ తీసేసి పంపు గొట్టం ట్యాంకుకి పెట్టేస్తే అయిపోతది అనుకుంటే టెస్ట్ పోయినట్టే. ఎందుకో లెక్క చూడండి.

10 లీటర్ల ట్యాంకులో 7 లీటర్ల ద్రావణం, పైన 3 లీటర్ల ఖాళీ. ఆ ఖాళీలో 1 కేజీ ప్రెషర్ పెట్టి పంపు ఆపినం అనుకోండి. గేజీలో 1 అంటే బయటి గాలితో కలిపి 2. ఒక లీటరు ద్రావణం బయటికి పోతే గాలికి చోటు 3 నుంచి 4 లీటర్లు అయింది. 3 రెట్ల 2 ఆరు, దాన్ని 4తో భాగిస్తే ఒకటిన్నర. బయటి గాలి ఒకటి తీసేస్తే గేజీలో మిగిలింది అర కేజీ. ఒక్క లీటరుకే ప్రెషర్ సగం పడిపోయింది.

మామూలు డ్రిప్పర్‌లో ఫ్లో ప్రెషర్‌కి వర్గమూలంగా మారుతది. 1 కేజీ దగ్గర గంటకు 4 లీటర్లు ఇచ్చేది 0.8 దగ్గర 3.6 మాత్రమే ఇస్తది, అర కేజీ దగ్గర 2.8. అంటే డ్రిప్పర్ శుభ్రంగా ఉన్నా 30 శాతం మూసుకుపోయినట్టు లెక్క చూపిస్తది. ప్రెషర్ నిలకడ లేని ఫ్లో టెస్ట్‌తో మంచి పైపుని పారేస్తం, చెడ్డ పైపుని ఉంచుకుంటం. ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు వాడేవాళ్ళకు ఈ బాధ తక్కువ, కంపెనీ చెప్పిన ప్రెషర్ హద్దుల్లో ఉంటే వాటి ఫ్లో మారదు. కానీ వాటిలో ఉండే రబ్బరు పొరకి జిగురు పడితే అది వేరే కథ.

గ్యాస్ సెట్టులో ఈ పని సిలిండరూ రెగ్యులేటరూ కలిసి చేసేవి. అటు పక్క ఎక్కువ ప్రెషర్ నిల్వ, ఇటు పక్క తక్కువ ప్రెషర్ నిలకడ. కాబట్టి మనం మార్చాల్సింది గ్యాస్ నిల్వని మాత్రమే, ఆ పద్ధతిని కాదు. రెగ్యులేటర్ ఉండాల్సిందే. నిల్వ కోసం ఏం పెట్టాలి? పాత కారు చక్రం. రిమ్ముతో సహా. చిన్న కారు ట్యూబ్‌లెస్ టైరులో సుమారు 20 లీటర్ల చోటు ఉంటది, 30 పీఎస్ఐ అంటే 2.1 కేజీల గాలి దాంట్లో పట్టడానికే దాన్ని తయారు చేసిన్రు. మనం సొంతంగా ఏ డబ్బాకో గాలి పట్టించే కన్నా ఇది ఎంతో నయం.

ఆ చక్రం 2.1 నుంచి 1 కేజీకి దిగేలోపు సుమారు 22 లీటర్ల మామూలు గాలి బయటికి ఇస్తది. ట్యాంకులో ఖాళీని నింపడానికి 3 లీటర్లు పోతే 19 మిగిలింది. 1 కేజీ దగ్గర ప్రతి లీటరు ద్రావణాన్ని తోయడానికి 2 లీటర్ల గాలి కావాలి. అంటే తొమ్మిది లీటర్లకు పైన తోస్తది. మన ట్యాంకులో ఉండేది ఏడే. రెగ్యులేటర్ సరిగా పని చెయ్యాలంటే అటు పక్క ప్రెషర్ కొంచెం ఎక్కువ ఉండాలి కాబట్టి చక్రం 1.3 దాకా దిగినంక మళ్ళీ పంపు వేసుకోండి. పంపు టెస్ట్ జరుగుతున్నప్పుడు నడవనక్కర లేదు, చప్పుడు లేదు, ముల్లు ఊగదు.

బిగించే వరస ఇది. చక్రం వాల్వు లోపలి పిన్ను తీసేసి, అక్కడ ఇత్తడి ఫిట్టింగ్ ద్వారా గాలి గొట్టం. తర్వాత టీ. టీకి ఒక పక్క బాల్ వాల్వు పెట్టి ఇన్‌ఫ్లేటర్, రెండో పక్క ఎయిర్ రెగ్యులేటర్. రెగ్యులేటర్ తర్వాత నాన్ రిటర్న్ వాల్వు, అది లేకపోతే ఏదో ఒకరోజు జీవామృతం వెనక్కి వచ్చి రెగ్యులేటర్‌లో చేరుతది. ఆ తర్వాత ట్యాంకు. ట్యాంకు నుంచి బయటికి వచ్చే గొట్టం మీద ఇంకో బాల్ వాల్వు, ఆ తర్వాత లేటరల్ మొదట్లో చిన్న గేజీ, చివర ఎండ్ క్యాప్. సిలిండర్ మీద ఉన్న పాత రెగ్యులేటర్‌ని ఇక్కడ పెట్టాలని చూడొద్దు, దాని మరలు వేరు, అది తయారైంది పెద్ద ప్రెషర్‌కి. 0 నుంచి 4 కేజీల గేజీ ఉన్న మామూలు ఎయిర్ రెగ్యులేటర్ చాలు. ఇవన్నీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో న్యూమాటిక్ సామాను దుకాణాల్లో దొరుకుతయి. ట్యాంకు తీసుకుపోయి అక్కడే మరలు సరిచూసుకుంటే రెండోసారి పోవుడు తప్పుతది.

లేటరల్ గేజీ ట్యాంకుతో సమానమైన ఎత్తులో ఉండాలి. మీటరు ఎత్తు తేడా అంటే 0.1 కేజీ, ఫ్లోలో 5 శాతం. ట్యాంకుని టేబుల్ మీద పెట్టి పైపుని నేల మీద పరిస్తే ఆ ఐదు శాతం ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోవాలి.

ఇక్కడ ఆగి ఇది చదవండి

గాలి ప్రెషర్‌ని నీళ్ళ ప్రెషర్ లెక్క చూడొద్దు. నీళ్ళు నొక్కుకుపోవు, అందుకే పైపు పగిలిన క్షణంలోనే ప్రెషర్ పడిపోతది, చిమ్మి ఊరుకుంటది. గాలి నొక్కుకుని ఉంటది. పగిలితే అంతా ఒక్కసారి విచ్చుకుని ముక్కల్ని ఎగరేస్తది.

అందుకే పీవీసీ పైపుకి రెండు పక్కల మూతలు అంటించి గాలి ట్యాంకు చెయ్యొద్దు. పైపు మీద 6 కేజీలు అని రాసి ఉన్నా సరే. ఆ 6 నీళ్ళకి. ఎండలో పడి ఉన్న పీవీసీ పెళుసుబారుతది, గాలి పెడితే గాజులాగ పగులుతది. యూట్యూబ్‌లో చేసి చూపించేవాళ్ళున్నరు, చూసి వదిలెయ్యండి. అదే కారణానికి చేన్లో ఉన్న పీవీసీ మెయిన్ లైన్‌ని గాలితో ఊది శుభ్రం చెయ్యొద్దు, నీళ్ళతోనే ఫ్లష్ చెయ్యండి.

16 లీటర్ల నాప్‌సాక్ స్ప్రేయర్ ట్యాంకుకి గాలి పెట్టొద్దు. దాంట్లో ప్రెషర్ ఉండేది లోపలి చిన్న చాంబర్‌లో, పెద్ద డబ్బాలో కాదు. 20 లీటర్ల నీళ్ళ క్యాన్, నూనె డబ్బా, పెయింట్ బకెట్, ఏదీ వద్దు. పెయింట్ ప్రెషర్ ట్యాంకే తీస్కోండి, ఎంత ప్రెషర్‌కి తయారైందో దాని మీద రాసి ఉండాలి, సేఫ్టీ వాల్వు పని చేస్తున్నదా అని రింగు లాగి చూసుకోవాలి. పగుళ్ళు ఉన్న పాత టైరు వద్దు. వంట గ్యాస్ సిలిండర్‌ని, ఆక్సిజన్ సిలిండర్‌ని ఈ పనికి దగ్గరికి కూడా రానీయొద్దు. ఇది చెప్పాలా అనిపిస్తది, అడిగినవాళ్ళున్నరు కాబట్టి చెప్తున్న.

మూత తీసే ముందు గాలి మొత్తం వదిలెయ్యాలి, గేజీ సున్నా చూపించాలి. మూత బిగింపులు ప్రెషర్‌లో ఉండగా విప్పితే మూత ముఖం మీదికే వస్తది.

బ్యాటరీ ఎంత సరిపోతది

ఇన్‌ఫ్లేటర్ సుమారు 10 ఆంపియర్లు లాగుతది. చక్రం 1.3 నుంచి 2.1కి ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు అనుకుంటే ఒక్కసారికి అర ఆంపియర్ గంట లోపే. 12 వోల్టుల 7 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగమే వాడుకుందాం అన్నా ఆరేడు సార్లు నింపొచ్చు. ఇంత కరెంటు ఒక్కసారిగా లాగితే చిన్న లెడ్ బ్యాటరీ రాసిన దానికన్నా తక్కువే ఇస్తది, అందుకే సగం లెక్క. బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉన్న 12 ఆంపియర్ గంటలది విప్పి పెట్టుకుంటే ఇంకా సుఖం. వైరు లావుగా ఉండాలి, 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టాలి. స్ప్రేయర్ చార్జింగ్ పిన్ను సన్న వైరుకి ఇన్‌ఫ్లేటర్ తగిలిస్తే వైరు కరుగుతది.

టెస్ట్ చేసుడు

12 డ్రిప్పర్లు వచ్చేట్టు లేటరల్ ముక్క తీస్కోండి. 40 సెంటీమీటర్ల దూరం అయితే ఐదు మీటర్లు. పన్నెండే ఎందుకంటే నాలుగో వంతు మూడు అవుతది, లెక్క తేలిక. ఒక్కో డ్రిప్పర్ కింద ఒక గ్లాసు. పైపులో గాలి అంతా పోయి ధార నిలకడ అయ్యాక గ్లాసులు పెట్టి సరిగ్గా 3 నిమిషాలు పట్టండి. ఎందుకు మూడంటే, 3 నిమిషాల మిల్లీలీటర్లని 20తో గుణిస్తే గంటకి ఎంతో వస్తది. 200 మిల్లీలీటర్లు వస్తే 4 లీటర్ల డ్రిప్పర్ ఒప్పుగా ఉన్నట్టు, 100 వస్తే 2 లీటర్లది. కొలవడానికి మందు కొలిచే గీతల గ్లాసు వాడండి, టీ గ్లాసుతో అంచనా వద్దు.

పన్నెండు కొలతలు రాసుకుని మొత్తం సగటు తియ్యండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన మూడింటి సగటు వేరే తియ్యండి. రెండోదాన్ని మొదటిదాంతో భాగించి వందతో గుణించాలి. ఉదాహరణకి తొమ్మిది గ్లాసుల సగటు 196, మిగతా మూడు 150, 165, 171. ఆ మూడింటి సగటు 162, మొత్తం సగటు 187.5. భాగిస్తే 86 శాతం. 90 పైన ఉంటే పైపు బాగున్నట్టు, 80 పైన ఉంటే నడిపించొచ్చు, 70 కిందికి వస్తే ఆ లైన్‌లో చివరి మొక్కలు ఆకలితో ఉన్నట్టే. సగటు ఒక్కటే చూస్తే 187 బాగానే ఉంది కదా అనిపిస్తది. ఆ మూడు డ్రిప్పర్ల కింద ఉన్న మొక్కలకి సగటుతో పని లేదు.

మొదటి టెస్ట్ ఎప్పుడూ కొత్త పైపు, వట్టి నీళ్ళతో. అది మీ ఆధారం. కొత్త పైపుకే 90 రాకపోతే తప్పు సెట్టులో ఉంది, లేదా పైపు నాణ్యతలో ఉంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి సబ్సిడీ డ్రిప్ ఊరూరికీ వచ్చింది, మంచిదే. కానీ పొలానికి వచ్చిన కట్టలోంచి ఐదు మీటర్లు కోసి కొలిచి చూసిన రైతుని నేను ఇప్పటిదాకా చూడలేదు.

తర్వాత జీవామృతం. ఒకే కట్టలోంచి రెండు ముక్కలు తీసుకుని రంగు దారం కట్టి గుర్తు పెట్టండి. మీ చేన్లో వదిలే నిష్పత్తిలోనే కలిపి, మీరు వడకట్టే గుడ్డతోనే వడకట్టి, ట్యాంకులో పోసి రెండు ముక్కల్లోకీ పంపండి. మొదటి ముక్కని అట్లనే జీవామృతంతో వదిలెయ్యండి. రెండో ముక్కలోకి వెంటనే మంచి నీళ్ళు పంపి, ఎండ్ క్యాప్ తీసి రంగు పోయేదాకా వదిలి మళ్ళీ మూయండి. రెండింటినీ చేన్లోనే ఎండలో పెట్టండి, నీడలో కాదు. వారానికోసారి ఇదే చేస్తూ, ప్రతిసారీ ముందు వట్టి నీళ్ళతో 1 కేజీ దగ్గర కొలవండి.

మా ముక్కల్లో మొదటి వారం తేడా ఏం లేదు. అందుకే చాలామంది "నేను రెండుసార్లు వదిలిన, ఏం కాలేదు" అంటరు. జిగురు పొర కట్టడానికి టైం పడుతది. కడగకుండా వదిలిన ముక్కలో ఆ తర్వాత తక్కువ వచ్చే డ్రిప్పర్లు చివరి వైపు నుంచి మొదలైనయి, ఎండ్ క్యాప్ దగ్గర మడ్డి చేరే చోట. కడిగిన ముక్క చాలా రోజులు ఆధారానికి దగ్గరగనే నిలబడ్డది. దీన్ని బట్టి నేను పెట్టుకున్న నియమం ఇది: నీళ్ళ తడి మధ్యలో జీవామృతం, ముందు పావుగంట నీళ్ళు, చివర పావుగంటకు తగ్గకుండా నీళ్ళు, వారానికోసారి ఎండ్ క్యాపులు తీసి ఫ్లష్. మీ నేలకి, మీ నీళ్ళకి పావుగంట చాలదేమో, ఎక్కువేమో. ఆ సంగతి మీ ఐదు మీటర్లే చెప్తయి.

వడకట్టే గుడ్డల్ని పోల్చడానికి కూడా ఇదే పద్ధతి. ఒకే బ్యాచ్‌ని పాత చీర గుడ్డ రెండు మడతలతో ఒకసారి, 120 మెష్ స్క్రీన్ ఫిల్టర్‌తో ఒకసారి పంపి చూడండి. గుడ్డ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది అనుకోవద్దు. మరీ సన్నది పెడితే గంట సేపు పిండుతూ కూర్చోవాలి, ఆ గంట కూలి కూడా లెక్కలో వెయ్యాలి.

గేజీ మీద అనుమానం ఉంటే దాన్ని సరిచూడటానికి డబ్బు ఖర్చు లేదు. 10 మీటర్ల ఎత్తు నీళ్ళు అంటే 1 కేజీ. సన్నని గొట్టం నిండా బుడగ లేకుండా నీళ్ళు నింపి పై కొసని మూడో అంతస్తు నుంచి వేలాడదీసి, కింది కొసకి గేజీ బిగించండి. టేపుతో ఎత్తు కొలవండి, నీటి మట్టం నుంచి గేజీ దాకా. 5 మీటర్ల దగ్గర అర కేజీ చూపిస్తున్నదా అన్నది కూడా చూడండి. కొంపల్లిలో మూడంతస్తుల బిల్డింగులకి కొదవ లేదు, వాచ్‌మన్‌ని అడిగితే చాలు.

పని అయినంక ట్యాంకు, గొట్టం అదే రోజు కడగండి. జీవామృతం ట్యాంకులో రాత్రి ఉంటే మరుసటి టెస్ట్‌లో జిగురు పైపుదో ట్యాంకుదో తెలియదు. మూత రబ్బరు రింగుని తీసి విడిగా కడిగి ఆరబెట్టండి. చక్రంలో గాలి మాత్రం అట్లనే ఉండనీయండి, తెల్లారి చూస్తే ఎంత తగ్గిందో మీ ఫిట్టింగుల్లో లీకు ఎంతుందో చెప్తది. సబ్బు నురగ పూసి బుడగ వచ్చిన జాయింటుకి టెఫ్లాన్ టేపు మళ్ళీ చుట్టండి. పాత గ్యాస్ సిలిండర్‌ని డిపాజిట్ రసీదుతో సహా దుకాణంలో తిరిగి ఇచ్చెయ్యండి, షెడ్డు మూలన పెట్టి మరిచిపోవద్దు.